హోమ్ థియేటర్ స్పీకర్లలోనే ఇంటంతటి పాటలూ మోగాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున వంటింట్లో, పూజగదిలో, హాల్లో ఒకేసారి సుప్రభాతం వినబడాలి. రాత్రి అదే హాల్లో 5.1లో, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (బేస్ స్పీకర్)తో సినిమా చూడాలి. సినిమాకి ఏవీఆర్ (అన్ని స్పీకర్లనూ నడిపే హోమ్ థియేటర్ రిసీవర్), పాటలకు ఇంకో యాంప్ (యాంప్లిఫయర్) ఉంటాయి. హాల్లో మంచి ఫ్రంట్ స్పీకర్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, పాటల కోసం ఇంకో జత ఎందుకు కొనాలన్న ఆలోచన అందరికీ వచ్చేదే. అది తప్పు ఆలోచన కాదు. కాకపోతే దాన్ని కలిపే పద్ధతుల్లో రెండు మూడు మాత్రమే సరైనవి. అన్నిటికంటే ఎక్కువగా చేసే పద్ధతి మాత్రం యాంప్‌ని కాల్చేస్తుంది.

రెండు యాంపుల వైర్లూ ఒకే స్పీకర్‌కి బిగించేస్తే ఏమవుతుంది? ఒకదాన్ని ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచుతాం కదా?

చేయకండి. "రెండూ ఒకేసారి ఆన్ చేయరు కదా సార్, ఏం కాదు" అని వైరింగ్ చేసే మనిషి చెప్పినా సరే, వద్దు.

స్పీకర్ నిరోధం సాధారణంగా 8 ఓమ్‌లు ఉంటుంది. యాంప్ అవుట్‌పుట్ లోపలి నిరోధం మాత్రం సాధారణంగా 0.1 ఓమ్ లోపే. మొదటి యాంప్ పంపే కరెంటు ముందు అప్పుడు రెండు దారులుంటాయి: ఒకటి 8 ఓమ్‌ల స్పీకర్, రెండోది 0.1 ఓమ్ ఉన్న రెండో యాంప్. కరెంటు దాదాపు అంతా రెండో యాంప్‌లోకే పోతుంది. మొదటి యాంప్ దృష్టిలో అది షార్ట్ సర్క్యూటే. అదృష్టం బాగుంటే ప్రొటెక్షన్ పడి ఆగుతుంది, లేదంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి.

ఆఫ్‌లో ఉన్న యాంప్ సంగతి చూద్దాం. చాలా ఏవీఆర్‌లలో స్పీకర్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఉంటుంది, ఆఫ్ చేస్తే స్పీకర్ కనెక్షన్ తెగిపోతుంది. కానీ అన్నిటిలోనూ ఉండదు. కొన్నింట్లో అది ప్లస్ వైరును మాత్రమే తెంపుతుంది, మైనస్ కలిసే ఉంటుంది. చిన్న క్లాస్-డి (తక్కువ వేడితో నడిచే రకం) యాంపుల్లో చాలావాటికి రిలే అసలే ఉండదు. పైగా "ఎప్పుడూ ఆఫ్‌లో" అనేది ఇంట్లో నిలిచే మాట కాదు. టీవీ ఆన్ చేస్తే హెచ్‌డీఎంఐ వైరు ద్వారా ఏవీఆర్ దానంతట అదే లేస్తుంది. పిల్లలు ఫోన్లో యాప్ నొక్కితే పాటల యాంప్ లేస్తుంది. ఆ ఒక్క నిమిషం చాలు.

మరి సరైన పద్ధతి ఏది?

స్పీకర్ల జోలికి పోకుండా సిగ్నల్‌ని పంచుకోవడం. హాల్లోని స్పీకర్లు ఎప్పటికీ ఏవీఆర్‌కే ఉంటాయి. ఇంటంతటికీ పాటలు పంపే స్ట్రీమర్ (ఇంటర్నెట్, ఫోన్ నుంచి పాటలు తీసుకునే పెట్టె) నుంచి ఒక ఆర్‌సీఏ వైరో (ఎరుపు, తెలుపు పిన్నులది) ఆప్టికల్ వైరో తెచ్చి ఏవీఆర్ ఇన్‌పుట్‌లో పెడతారు. పాటలు కావాలంటే ఏవీఆర్‌లో ఆ ఇన్‌పుట్ ఎంచుకుంటారు, అంతే. స్పీకర్ వైరు తెంపడం, కలపడం, రిలేలు, స్విచ్‌లు ఏవీ అక్కర్లేదు. సబ్‌వూఫర్ కూడా పాటలకు పనిచేస్తుంది. కాలిబ్రేషన్ (ఏవీఆర్ మైకుతో విని ఒక్కో స్పీకర్‌ని సర్దుకోవడం) కూడా వర్తిస్తుంది.

ఏవీఆర్‌లోనే మల్టీరూమ్ (వైఫైలో గదులన్నిటికీ పాటలు పంపే సౌకర్యం) ఉంటే పని ఇంకా తేలిక. డెనాన్, మరాంజ్‌లలో హియోస్, యమహాలో మ్యూజిక్‌కాస్ట్ ఉంటాయి. వంటింట్లో అదే రకం స్పీకరో యాంపో పెట్టి, ఫోన్లో రెండింటినీ ఒక గ్రూపుగా కలిపితే ఏవీఆర్ తనే లేచి, తనే ఇన్‌పుట్ మార్చుకుంటుంది. ఇప్పుడు కొత్తగా కొనబోయేవాళ్లు ఇక్కడితో ఈ పేజీ చదవడం ఆపేయొచ్చు.

ఇబ్బంది ఒక్కటే: పాటలు మోగినంతసేపూ ఏవీఆర్ ఆన్‌లో ఉండాలి. మామూలు ఏవీఆర్ సన్నగా మోగుతున్నా సుమారు 50 వాట్లు లాగుతుంది. రోజుకు 14 గంటలైతే 0.7 యూనిట్, నెలకు 21 యూనిట్లు. బిల్లు కంటే వేడి పెద్ద సమస్య. మే నెలలో, తలుపులు మూసిన టీవీ యూనిట్ అరలో ఏవీఆర్ పెట్టి రోజంతా నడిపితే లోపలి కెపాసిటర్ల ఆయుష్షు తగ్గుతుంది. పైన కనీసం 10–15 సెంటీమీటర్ల ఖాళీ, వెనక గాలి పోయే దారి ఉండాలి. సెట్‌టాప్ బాక్స్‌ని ఏవీఆర్ నెత్తిన పెట్టకండి.

ఏవీఆర్‌లో జోన్ 2 (హాలు కాక ఇంకో చోటికి విడిగా శబ్దం పంపే ఏర్పాటు) ఉంది. దానితోనే ఇల్లంతా లాగించొచ్చా?

ఒకటి రెండు గదుల వరకు బాగా లాగుతుంది. 7 ఛానెళ్ల ఏవీఆర్‌లో హాల్లో 5.1 పెట్టుకుంటే రెండు ఛానెళ్లు మిగులుతాయి. సెటప్‌లో యాంప్ అసైన్ అనే చోట వాటిని సరౌండ్ బ్యాక్ నుంచి జోన్ 2కి మార్చాలి. ఆ మార్పు చేయకుండా వైర్లు మాత్రం బిగించి "జోన్ 2లో సౌండ్ రావట్లేదు" అనుకోవడం మామూలే.

రెండో చిక్కు ఇన్‌పుట్‌లతో వస్తుంది. తక్కువ ధర మోడళ్లలో జోన్ 2కి అనలాగ్ ఇన్‌పుట్లు, నెట్‌వర్క్, బ్లూటూత్ మాత్రమే వెళ్తాయి. హెచ్‌డీఎంఐలో వచ్చే సెట్‌టాప్ బాక్స్ శబ్దం వెళ్లదు. కొనేముందు మాన్యువల్‌లో జోన్ 2 పట్టిక చూసుకోవాలి, షాపులో అడిగితే ఈ సంగతి తేలదు.

మూడు, నాలుగు గదులుంటే జోన్ 2 స్పీకర్ టెర్మినల్స్ వాడొద్దు. జోన్ 2 ప్రీ-అవుట్ (వేరే యాంప్‌కి ఇచ్చే లైన్ సిగ్నల్ వచ్చే సాకెట్) నుంచి ఆర్‌సీఏ వైరు తీసి విడిగా మల్టీఛానెల్ యాంప్‌కి ఇవ్వండి. గదులన్నీ ఆ యాంప్‌కి ఉంటాయి. హాలు స్పీకర్లు ఏవీఆర్‌కే ఉంటాయి. డెనాన్‌లో ఆల్ జోన్ స్టీరియో, యమహాలో పార్టీ మోడ్ అనే సౌకర్యం నొక్కితే హాల్లో, మిగతా గదుల్లో ఒకే పాట మోగుతుంది. జోన్ 2 వాల్యూమ్‌కి గరిష్ఠ పరిమితి పెట్టడం మర్చిపోవద్దు. సీలింగ్ స్పీకర్లు పోయేది ఎక్కువగా పండగ రోజుల్లోనే.

పాటలకు మంచి స్టీరియో యాంప్ ఉంది. దాన్ని వదులుకోకుండా ఫ్రంట్ స్పీకర్లు సినిమాకూ వాడాలంటే?

స్టీరియో యాంప్‌కి హోమ్ థియేటర్ బైపాస్ (దాని వాల్యూమ్ నాబ్‌ని దాటి నేరుగా వెళ్లే ఇన్‌పుట్) ఉందేమో చూడండి. కొన్నింటిపై దాన్ని మెయిన్ ఇన్, పవర్ ఇన్ అని రాస్తారు. ఉంటే పని ఇలా:

ఫ్రంట్ స్పీకర్లు రెండూ శాశ్వతంగా స్టీరియో యాంప్‌కి బిగించండి. ఏవీఆర్ ఫ్రంట్ ప్రీ-అవుట్‌ల నుంచి ఆర్‌సీఏ వైర్లు ఆ బైపాస్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. పాటలప్పుడు ఏవీఆర్ ఆఫ్. సినిమాకి రెండూ ఆన్, స్టీరియో యాంప్ బైపాస్‌లో. అప్పుడు దాని వాల్యూమ్ నాబ్ పనిచేయదు, ఏవీఆర్ వాల్యూమే అన్ని స్పీకర్లనూ నడుపుతుంది.

బైపాస్ లేని యాంప్‌లో మామూలు ఆక్స్ ఇన్‌పుట్‌కి ఇచ్చి, నాబ్‌ని ఒకచోట గుర్తు పెట్టి అక్కడే ఉంచేవాళ్లున్నారు. పనిచేస్తుంది. కానీ నాబ్ గడియారంలో 12 దగ్గర ఉండాల్సింది ఎవరో 2 దగ్గరకు తిప్పితే ఫ్రంట్ స్పీకర్లు మిగతావాటి కంటే ఎక్కువ మోగుతాయి, కాలిబ్రేషన్ పోతుంది. ఏవీఆర్‌కి ప్రీ-అవుట్‌లే లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే.

ఇవేవీ కుదరవు. రెండు యాంపులు, ఒకే స్పీకర్ల జత, మధ్యలో స్విచ్ పెట్టాల్సిందే. ఎలాంటి స్విచ్ కొనాలి?

ఇక్కడే ఎక్కువమంది తప్పు వస్తువు కొంటారు. బజార్లో, ఆన్‌లైన్లో దొరికే స్పీకర్ సెలెక్టర్ పెట్టెల్లో ఎక్కువ భాగం "ఒక యాంప్, రెండు జతల స్పీకర్లు" కోసం చేసినవి. వాటికి ఎ, బి అని రెండు బటన్లుంటాయి. రెండూ ఒకేసారి నొక్కొచ్చు, రెండు జతలూ మోగాలని. అదే పెట్టెను తలకిందులుగా, అంటే రెండు యాంపులు ఇటు, ఒక జత స్పీకర్లు అటు పెట్టి వాడితే? ఎ, బి రెండూ నొక్కిన క్షణం రెండు యాంపులు ఒకదానికొకటి కలిసిపోతాయి. ఈ పేజీలో మొదటి ప్రశ్నకి మళ్లీ వచ్చేశాం. ఏవీఆర్ ముందున్న స్పీకర్ ఎ/బి బటన్ కూడా ఇదే రకం. దానితో ఈ పని కాదు.

మీకు కావాల్సిన స్విచ్‌కి మూడు లక్షణాలుండాలి. మొదటిది, రెండు యాంపులు ఏ స్థితిలోనూ కలవకూడదు. తిప్పే స్విచ్ గానీ, ఒకటి నొక్కితే ఇంకోటి పైకి లేచే బటన్లు గానీ ఉండాలి. రెండోది, పాత కనెక్షన్ తెగాకే కొత్తది కలవాలి. మూడోది చాలామంది గమనించరు: ప్లస్, మైనస్ రెండూ మారాలి.

మూడోది ఎందుకంటే, చాలా క్లాస్-డి యాంపుల్లో మైనస్ టెర్మినల్ గ్రౌండ్‌కి కలిసి ఉండదు. అందులో కూడా సిగ్నల్ ఉంటుంది. దాన్ని బ్రిడ్జ్ అవుట్‌పుట్ అంటారు. ఏవీఆర్ మైనస్ మామూలుగా లోపలి గ్రౌండే. అన్ని మైనస్‌లనూ లోపల ఒకే పట్టీకి కలిపిన చౌక సెలెక్టర్ పెట్టెలో ఈ రెండు యాంపులూ పెడితే, బ్రిడ్జ్ యాంప్‌లో సగం నేరుగా ఏవీఆర్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది. కొన్న పెట్టె ఏ రకమో మల్టీమీటర్‌తో చూసుకోవచ్చు. ఏ వైరూ బిగించకుండా, ఎడమ మైనస్ నుంచి కుడి మైనస్‌కి, ఎ మైనస్ నుంచి బి మైనస్‌కి బీప్ పెట్టి చూడండి. ఎక్కడ బీప్ వచ్చినా ఆ పెట్టె వాపసు ఇచ్చేయండి.

చేత్తో తిప్పే పని లేకుండా, ఏవీఆర్ ఆన్ చేస్తే స్పీకర్లు వాటంతట అవే అటు మారాలి. కుదురుతుందా?

కుదురుతుంది. ఏవీఆర్ వెనక 12 వోల్ట్ ట్రిగ్గర్ అని, ఏవీఆర్ ఆన్ కాగానే 12 వోల్ట్‌లు ఇచ్చే 3.5 మి.మీ. జాక్ ఉంటే చాలు. కావాల్సినవి ఇవి:

- 12 వోల్ట్ డీసీ కాయిల్ ఉన్న 4 పోల్ రిలే ఒకటి. ప్యానెల్ బోర్డులు కట్టే ఎలక్ట్రికల్ షాపుల్లో 14 పిన్నుల రిలే అంటే ఇస్తారు
- దానికి సరిపోయే స్క్రూ సాకెట్, డిన్ రైలు (ప్యానెల్ బోర్డుల్లో వాడే లోహపు పట్టీ) మీద ఎక్కేది
- 1ఎన్4007 డయోడ్ ఒకటి
- 3.5 మి.మీ. మోనో జాక్ ఉన్న వైరు
- ప్లాస్టిక్ జంక్షన్ పెట్టె, 1.5 స్క్వేర్ ఎంఎం వైరు ముక్కలు

కాంటాక్టుల రేటింగ్ చూసుకోండి. 8 ఓమ్‌ల స్పీకర్‌లోకి 100 వాట్లంటే 3.5 ఆంపియర్లు, 4 ఓమ్‌లైతే 5 ఆంపియర్లు. 8 ఓమ్‌లకు 5 ఆంపియర్ల రిలే సరిపోతుంది, 4 ఓమ్‌లైతే 10 ఆంపియర్లది తీసుకోండి. ఈ రకం రిలే కాయిల్ 12 వోల్ట్‌ల దగ్గర సుమారు 75 మిల్లీఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల 4 పోల్ రిలే అయితే 120 దాకా లాగొచ్చు. ట్రిగ్గర్ ఎంత ఇస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది. చాలావాటిలో 100 లేదా 150, కొన్నింట్లో అంతకంటే బాగా తక్కువ. తక్కువైతే ట్రిగ్గర్‌తో ఒక చిన్న రిలే మాడ్యూల్ నడిపి, ఆ మాడ్యూల్‌తో విడి 12 వోల్ట్ అడాప్టర్ మీద పెద్ద రిలేని నడపాలి.

వైరింగ్‌లో నాలుగు పోల్‌లు నాలుగు వైర్లకు సరిపోతాయి: ఎడమ ప్లస్, ఎడమ మైనస్, కుడి ప్లస్, కుడి మైనస్. సాధారణ 14 పిన్నుల రిలేలో 9 నుంచి 12 వరకు కామన్, వాటికి స్పీకర్లు. 5 నుంచి 8 వరకు కాయిల్‌కి కరెంటు ఉన్నప్పుడు కలిసేవి, వాటికి ఏవీఆర్. 1 నుంచి 4 వరకు కరెంటు లేనప్పుడు కలిసేవి, వాటికి పాటల యాంప్. 13, 14 కాయిల్. రిలే పక్కనే బొమ్మ అచ్చువేసి ఉంటుంది, నంబర్లు దానితో సరిచూసుకోకుండా బిగించకండి. డయోడ్‌ని కాయిల్‌కి అడ్డంగా పెట్టాలి, తెల్ల గీత ఉన్న వైపు ప్లస్‌కి. అది లేకపోతే రిలే పడిపోయిన ప్రతిసారీ కాయిల్ నుంచి ఎదురు వోల్టేజీ ఏవీఆర్ ట్రిగ్గర్ సర్క్యూట్ మీద పడుతుంది. జాక్‌లో కొన ప్లస్, వెనక భాగం మైనస్.

యాంపులు కలపకముందు ఒక పరీక్ష తప్పనిసరి. మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి ఏవీఆర్ వైపు ఎడమ ప్లస్‌కి ఒక ముల్లు, పాటల యాంప్ వైపు ఎడమ ప్లస్‌కి ఇంకో ముల్లు ఆనించండి. రిలే పడి ఉన్నప్పుడూ, మామూలు 12 వోల్ట్ అడాప్టర్‌తో రిలే లేపినప్పుడూ బీప్ రాకూడదు. నాలుగు వైర్లకూ ఇదే చేయండి. తర్వాత స్పీకర్ వైపు నుంచి చూస్తే ఒక స్థితిలో ఒక యాంప్‌కి మాత్రమే బీప్ రావాలి. ఈ పదినిమిషాల పని రెండు యాంపుల ఖరీదు కాపాడుతుంది.

ఏవీఆర్‌కి ట్రిగ్గర్ జాక్ లేదు. ఇంకో దారి?

వెనక యూఎస్‌బీ పోర్టు ఉంటే, ఏవీఆర్ ఆఫ్ చేసినప్పుడు దానిలో కరెంటు ఆగుతోందేమో చూడండి. ఒక చిన్న యూఎస్‌బీ లైటు పెడితే తెలిసిపోతుంది. ఆగితే 5 వోల్ట్ కాయిల్ రిలే వాడొచ్చు. అది సుమారు 180 మిల్లీఆంపియర్లు లాగుతుంది, 500 ఇచ్చే పోర్టుకి ఇబ్బంది లేదు. నెట్‌వర్క్ స్టాండ్‌బై ఆన్‌లో ఉంటే కొన్ని ఏవీఆర్‌లు ఆ పోర్టుని ఆఫ్ చేయవు, ఆ సెట్టింగ్ తీసేసి మళ్లీ చూడండి.

రిలే పెట్టాక వింతగా ప్రవర్తిస్తోంది. పాటలు మోగుతుంటే ఉన్నట్టుండి హాల్లో ఆగిపోతున్నాయి.

రిలే బాగానే ఉంది, ఎవరో ఏవీఆర్‌ని లేపుతున్నారు. టీవీలో వార్తలు పెట్టినప్పుడు హెచ్‌డీఎంఐ కంట్రోల్ ద్వారా ఏవీఆర్ ఆన్ అయి, ట్రిగ్గర్ ఇచ్చి, స్పీకర్లను లాగేసుకుంటుంది. వార్తలు టీవీ స్పీకర్‌లోనే వింటామనుకుంటే ఏవీఆర్‌లో హెచ్‌డీఎంఐ కంట్రోల్ ఆపేయండి.

రెండో కారణం ట్రిగ్గర్ సెట్టింగ్. చాలా ఏవీఆర్‌లలో ట్రిగ్గర్ ఏ జోన్ ఆన్ అయినా వచ్చేలా ఉంటుంది. జోన్ 2 లేపినా వస్తుంది. మెనూలో ట్రిగ్గర్ అవుట్ దగ్గరికి వెళ్లి మెయిన్ జోన్ ఒక్కటే ఉంచి మిగతావి తీసేయాలి. కొన్ని మోడళ్లలో ఇన్‌పుట్ వారీగా కూడా పెట్టుకోవచ్చు.

మారేటప్పుడు టప్‌మని శబ్దం వస్తుంటే, పాట మోగుతుండగానే కాంటాక్టులు తెగుతున్నాయని అర్థం. పాటల యాంప్‌ని ముందు మ్యూట్ చేసి తర్వాత ఏవీఆర్ ఆన్ చేసే అలవాటు చేసుకోండి. నిండు వాల్యూమ్‌లో తెగితే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ పుట్టి కొన్నాళ్లకు అవి నల్లబడతాయి. అప్పుడు ఒక వైపు స్పీకర్ గరగరలాడుతుంది, రిలే మారిస్తే సరిపోతుంది. సాకెట్ వాడమన్నది అందుకే.

ఒక యాంప్‌కి ఎన్ని గదుల స్పీకర్లు కలపొచ్చు?

8 ఓమ్‌లవి రెండు పారలల్‌లో కలిపితే 4, మూడు కలిపితే 2.7, నాలుగైతే 2 ఓమ్‌లు. మామూలు యాంప్ 4 ఓమ్‌ల వరకు తట్టుకుంటుంది. అంటే ఒక్కో ఛానెల్‌కి రెండు గదులు, అంతే. మూడో గది కలిపితే సన్నగా మోగినంతసేపు ఏమీ తెలియదు. వాల్యూమ్ పెంచిన రోజు వేడెక్కి ఆగిపోతుంది.

ఎక్కువ గదులుంటే ఇంపిడెన్స్ (యాంప్‌కి కనబడే ఓమ్‌లు) సరిచేసే గోడ వాల్యూమ్ నాబ్‌లు వాడతారు. వాటి వెనక 1, 2, 4, 8 రెట్లు అని జంపర్లుంటాయి. నాలుగు గదులుంటే అన్నిటినీ 4 రెట్ల మీద పెట్టాలి. అప్పుడు ఒక్కో గది 32 ఓమ్‌లుగా కనబడుతుంది, నాలుగూ కలిస్తే 8 ఓమ్‌లు. బదులుగా ఒక్కో గదికి యాంప్ పవర్‌లో నాలుగో వంతే వెళ్తుంది. ఒక గదిలో మాత్రం జంపర్ మార్చడం మర్చిపోతే లెక్కంతా చెడుతుంది.

ఈ నాబ్‌ని హోమ్ థియేటర్ స్పీకర్ లైన్‌లో మాత్రం పెట్టొద్దు. కాలిబ్రేట్ చేశాక ఎవరైనా తిప్పితే ఆ ఛానెల్ లెవల్ పోతుంది.

ఫంక్షన్ హాళ్లలో పెట్టే సీలింగ్ స్పీకర్లు ఇంట్లో బిగించారు. ఏవీఆర్‌కి కలిపితే అసలు వినబడట్లేదు.

అవి 100 వోల్ట్ లైన్ స్పీకర్లు. అహుజా వంటి పీఏ (సభలకు వాడే మైకు సెట్) యాంపులకు, గుళ్లకు, స్కూళ్లకు, కల్యాణమండపాలకు వాడేవి. ఒక్కో స్పీకర్ వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దానిలో 6 వాట్ల ట్యాప్ (వాట్లు ఎంచుకునే కొస) మీద ఉంటే దాని ఇంపిడెన్స్ సుమారు 1667 ఓమ్‌లు. 100 వాట్ల ఏవీఆర్ నిండు వాల్యూమ్‌లో ఇచ్చేది 28 వోల్ట్‌లు. అంటే ఆ స్పీకర్‌కి అర వాటు కూడా అందదు.

ఎక్కువ ప్రమాదం దీనికి ఎదురుగా ఉంది. పీఏ యాంప్‌లో 100 వోల్ట్ టెర్మినల్‌కి మామూలు 8 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే స్పీకర్ వాయిస్ కాయిల్‌తో పాటు యాంప్‌కీ ముప్పే. ఆ రెండు రకాల లైన్లనూ ఒకే స్విచ్ పెట్టెలోకి తేవొద్దు. ఆ స్పీకర్లు తీసేయడం ఇష్టం లేకపోతే వాటికి పీఏ యాంప్ విడిగా ఉంచి, ఏవీఆర్ జోన్ 2 ప్రీ-అవుట్ నుంచి దానికి సిగ్నల్ ఇవ్వండి. పంచుకోవాల్సింది సిగ్నలే అని పైన చెప్పింది ఇక్కడా పనికొస్తుంది.

ఇల్లు కడుతున్నాం. వైరు ఏది లాగించాలి?

లెక్క తేలికే. వైరు నిరోధం రానూపోనూ కలిపి స్పీకర్ ఇంపిడెన్స్‌లో 5 శాతం దాటకూడదు. 8 ఓమ్‌లకు అది 0.4 ఓమ్. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు 15 మీటర్ల దూరం వరకు, 2.5 స్క్వేర్ ఎంఎం 25 మీటర్ల వరకు ఈ లెక్కలో ఉంటాయి. డూప్లెక్స్‌లో కింద హాల్లోంచి పై బాల్కనీకి పైపు తిరిగి వెళ్లే దూరం కొలవండి, గోడ మీద కనబడే దూరం కాదు.

ఆన్‌లైన్లో చౌకగా దొరికే స్పీకర్ వైరు చాలామటుకు అల్యూమినియం మీద రాగి పూత వేసినది. బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. దాని నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైనే, స్క్రూ కింద నలిగి విరుగుతుంది కూడా.

స్లాబ్ వేసేముందే స్పీకర్లకు విడిగా 25 మి.మీ. పైపు వేయించండి. 230 వోల్ట్ వైర్లున్న పైపులోనే స్పీకర్ వైరు దూర్చడం భద్రత దృష్ట్యా తప్పు. పక్కపక్కనే వెళ్లాల్సి వస్తే 30 సెంటీమీటర్ల దూరం, అడ్డం దాటాల్సి వస్తే 90 డిగ్రీల కోణంలో దాటించాలి. స్పీకర్ వైర్లన్నీ ఏవీఆర్ ఉండే చోటికే రావాలి. గదుల మధ్య ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసులా లాగితే తర్వాత ఏ మార్పూ చేయలేరు. వైరు కొసలకు గది పేరు రాసిన టేపు చుట్టించండి, సున్నం వేశాక ఎవరికీ గుర్తుండదు.

కాలిబ్రేషన్ చేస్తుంటే ఫ్రంట్ స్పీకర్లు లేవని చూపిస్తోంది.

స్విచ్ పాటల యాంప్ వైపు ఉంది. ఏవీఆర్ వైపు తిప్పి మళ్లీ చేయండి.

అవే స్పీకర్లు సినిమాకి బాగున్నాయి, పాటలకు మాత్రం బేస్ దగ్గర కటకటలాడుతున్నాయి.

సినిమాకి ఏవీఆర్ 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సబ్‌వూఫర్‌కి మళ్లిస్తుంది. పాటల యాంప్‌కి ఆ తెలివి లేదు. డప్పు, తవిల్, సినిమా పాటల్లోని లోతైన బేస్ మొత్తం చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్‌కే పంపుతుంది. కోన్ అంచు వరకు వెళ్లి కొట్టుకున్న శబ్దం అది. పాటల యాంప్‌లో సబ్ అవుట్, హైపాస్ (లోతైన బేస్‌ని ఆపే ఫిల్టర్) ఉంటే పెట్టండి. సబ్‌వూఫర్‌కి ఎడమ, కుడి రెండు లైన్ ఇన్‌పుట్లుంటే ఏవీఆర్ సబ్ అవుట్ ఒకదానికి, పాటల యాంప్ సబ్ అవుట్ రెండోదానికి ఇవ్వొచ్చు, రెండూ లోపల కలుస్తాయి. లైన్ సిగ్నల్ కాబట్టి యాంపులకు ఏమీ కాదు. సబ్‌వూఫర్ వెనక స్పీకర్ వైరు టెర్మినల్స్ ఉంటే మాత్రం వాటికి రెండు యాంపులూ తగిలించొద్దు.

బేస్ మొత్తానికే పలచగా ఉంటే ప్లస్, మైనస్ ఒక వైపు తారుమారై ఉంటాయి. స్పీకర్ వైర్లను యాంప్ నుంచి విప్పి 1.5 వోల్ట్ సెల్ ఒక్క క్షణం ఆనించండి. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి రావాలి. రెండు స్పీకర్లూ ఒకేలా కదలాలి.

రెండూ కలిపాక గుంయ్‌మని హమ్మింగ్ మొదలైంది.

ఆర్‌సీఏ వైరుతో రెండు పరికరాలు కలిసినప్పుడు, అవి వేరువేరు ప్లగ్ పాయింట్ల నుంచి కరెంటు తీసుకుంటుంటే ఎర్త్ లూప్ ఏర్పడుతుంది. 50, 100 హెర్ట్జ్ గుంయ్ అదే. ముందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెండి. తగ్గకపోతే కేబుల్ టీవీ వైరును సెట్‌టాప్ బాక్స్ నుంచి విప్పి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతుంది. ఇంకా ఉంటే ఆర్‌సీఏ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఐసోలేటర్ పెట్టాలి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. హమ్ పోతుంది, దానితో పాటు షాక్ నుంచి రక్షణా పోతుంది.

హాల్లో, వంటింట్లో ఒకే టీవీ మాట వెనకాముందుగా వినబడుతోంది.

వైఫై మల్టీరూమ్ పరికరాలు శబ్దాన్ని కొద్దిసేపు నిలిపి పంపుతాయి. పాటకైతే గ్రూపులో అన్నీ ఒకేలా ఆలస్యమవుతాయి కాబట్టి తెలియదు. టీవీ శబ్దాన్ని ఏవీఆర్ వెంటనే మోగిస్తుంది, వంటింటి స్పీకర్ తర్వాత మోగిస్తుంది. టీవీ శబ్దం రెండు చోట్లా కావాలంటే, జోన్ 2 ఆ శబ్దాన్ని తీసుకునే ఏవీఆర్ అయితే, వంటింటికి జోన్ 2 నుంచి నేరుగా స్పీకర్ వైరు వేయడమే సరైన మందు.

అట్మాస్ (తలపై నుంచి కూడా శబ్దం వచ్చే సరౌండ్ పద్ధతి) కోసం పెట్టిన సీలింగ్ స్పీకర్లను పాటలకు వాడొచ్చా?

హాల్లో నడుస్తూ వినడానికి అవి నిజానికి ఫ్రంట్ స్పీకర్ల కంటే బాగుంటాయి, శబ్దం సమంగా పరుచుకుంటుంది. సెంటర్ స్పీకర్‌ని మాత్రం పంచుకోకండి, ఒక్కటే ఉన్నదానితో స్టీరియో రాదు.

ఏవీఆర్ రెడ్ లైట్ మిణుకుమంటూ ఆన్ కావట్లేదు.

ప్రొటెక్షన్. ప్లగ్ తీసేసి, స్పీకర్ వైర్లన్నీ విప్పి, ఖాళీగా ఆన్ చేయండి. ఆన్ అయితే తప్పు వైర్లలో ఉంది. నూటికి తొంభైసార్లు టెర్మినల్ దగ్గర వైరులోని వెంట్రుకంత పోగు ఒక్కటి పక్క టెర్మినల్‌కి తగిలి ఉంటుంది. బనానా ప్లగ్‌లు గానీ, పిన్ను లగ్‌లు గానీ వాడితే ఈ గొడవ ఉండదు. వైరు జతని మల్టీమీటర్‌తో చూస్తే 8 ఓమ్‌ల స్పీకర్ 5.5 నుంచి 7 మధ్య చూపాలి. 1 లోపు వస్తే షార్ట్. ఖాళీగా కూడా ఆన్ కాకపోతే సర్వీస్ సెంటర్‌కే.

పాటలకు ట్యూబ్ యాంప్ (ట్రాన్సిస్టర్లకు బదులు వాల్వులతో నడిచేది) వాడుతున్నాం. స్విచ్ పెట్టొచ్చా?

మామూలు యాంప్ స్పీకర్ లేకుండా ఆన్‌లో ఉన్నా ఏమీ కాదు. ట్యూబ్ యాంప్ అలా ఉంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. రిలే స్పీకర్లను ఏవీఆర్ వైపు లాగినప్పుడు ట్యూబ్ యాంప్‌కి 8 ఓమ్‌ల, 20 వాట్ల రెసిస్టర్లు లోడ్‌గా తగిలే ఏర్పాటు ఉండాలి. అది లేకపోతే స్విచ్ వద్దు.

అమెరికాలో పాత ఇల్లు కొన్నాం. గదుల్లో సీలింగ్ స్పీకర్లు, గోడల మీద నాబ్‌లు ఉన్నాయి. ఫ్యామిలీ రూమ్‌లో వాటినే సరౌండ్‌కి వాడొచ్చా?

ముందు క్లోజెట్‌లో వైర్లు ఎక్కడ ముగిశాయో వెతకండి. అలాంటి ఇళ్లలో ఒక్కో గదికి నాలుగు తీగల కేబుల్ క్లోజెట్ నుంచి నాబ్ దాకా, అక్కడి నుంచి రెండేసి తీగలు ఒక్కో స్పీకర్‌కి వెళ్తుంటాయి. ఫ్యామిలీ రూమ్‌లో నాబ్ విప్పి, కరెంటు వైర్లు కాదని తేల్చుకుని, రంగుకి రంగు కలిపి నేరుగా జోడించి ఖాళీ ప్లేట్ బిగించేయండి. అప్పుడే ఏవీఆర్ వాటిని కాలిబ్రేట్ చేయగలదు. క్లోజెట్ నుంచి టీవీ దగ్గరికి వైరు లేకపోతే ఏవీఆర్‌నే క్లోజెట్‌లో పెట్టి, టీవీకి పొడుగాటి హెచ్‌డీఎంఐ లాగడం తేలిక. గోడల్లో కొత్తగా వేసే స్పీకర్ వైరు మీద సీఎల్2 లేదా సీఎల్3 అని అచ్చు ఉండేలా చూసుకోండి. గోడల లోపల వేయడానికి అనుమతించిన రకం అదే.